ఎన్నికల సర్వే, ప్రచార వ్యూహం పనిలోకి బెంగళూరు నుంచి ఎలా వెళ్లాలి?

వైట్‌ఫీల్డ్_వాసు:
అందరికీ నమస్కారం. బెంగళూరులో డేటా అనలిటిక్స్ పనిలో ఉన్నాను. ఎన్నికల సర్వేలు, ప్రచార వ్యూహం వైపు మారదామని ఉంది. తెలుగు, కన్నడ బాగా వచ్చు, తమిళం అర్థమవుతుంది. ఈ పనిలో రోజూ నిజంగా చేసేదేమిటి? ముందు ఏం నేర్చుకోవాలి? ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో సర్వే చేయాలంటే ఎంతమందిని అడిగితే చాలు? ఎక్కడ చూసినా ప్రశాంత్ కిశోర్, సునీల్ కనుగోలు లాంటి వ్యూహకర్తల పేర్లు చెప్పి ఆపేస్తున్నారు. లోపలి లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వే_సుబ్బారావు:
వాసు గారూ, మీరు అడిగిన చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

పుస్తకాల్లో లెక్క సులువు. జనంలోంచి పూర్తిగా యాదృచ్ఛికంగా 384 మందిని అడిగితే 95 శాతం నమ్మకంతో ఎర్రర్ మార్జిన్ (సర్వే అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో ఆ హద్దు) ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం. 1,067 మందికి 3 శాతం. 2,401 మందికి 2 శాతం. నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షలున్నా మూడు లక్షలున్నా ఈ అంకె దాదాపు మారదు. కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. "400 చేశాం, 5 శాతం మార్జిన్" అని రిపోర్టులో రాసేస్తారు.

కానీ ఫీల్డులో 400 మందిని నియోజకవర్గమంతా చల్లినట్టు ఎవరూ అడగరు, ఖర్చు భరించలేం. 20 బూత్‌లు తీసుకుని బూత్‌కు 20 మంది చొప్పున అడుగుతాం. ఒకే బూత్‌లో ఉన్నవాళ్లు ఒకే వీధి, చాలాసార్లు ఒకే కులం, ఒకే నీళ్ల సమస్య. కాబట్టి వాళ్ల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ దగ్గరితనాన్ని సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతలో 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా అడగడం వల్ల శాంపిల్ విలువ ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే అంకె) 1 + 19 × 0.05 = 1.95. ఆ 19 అంటే బూత్‌లో అడిగిన 20 మందిలో ఒకటి తీసేసిన అంకె. అంటే మీ 400 మంది నిజానికి 205 మందితో సమానం, మార్జిన్ 6.8 శాతం. అదే 400 మందిని 40 బూత్‌ల్లో పదేసి మంది చొప్పున అడిగితే ఎఫెక్ట్ 1.45, విలువ 276 మందికి సమానం, మార్జిన్ 5.9 శాతం. మనుషుల సంఖ్య పెంచకుండానే బూత్‌లు పెంచి పని మెరుగుపరచవచ్చు. పెరిగేది ప్రయాణ ఖర్చే.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ మార్జిన్ ఒక్కో పార్టీ ఓటు శాతానికి. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపు అవుతుంది. 400 శాంపిల్‌లో ఒక అభ్యర్థి 4 శాతం ముందున్నాడంటే "గెలుస్తున్నాడు" అని రాయకూడదు. "పోటీ ఉంది" అని రాయాలి.

పావగడ_ప్రసాద్:
సుబ్బారావు గారి లెక్కకు ఫీల్డు వైపు నుంచి కలుపుతాను. శాంపిల్ ఎంత అన్నదానికంటే ఎవరిని ఎలా ఎంచుకున్నారు అన్నది పెద్ద ప్రశ్న.

పద్ధతి ఇది. నియోజకవర్గం బూత్‌ల జాబితాను గ్రామీణ, పట్టణ, ప్రాంతాలవారీగా వరసగా పేర్చుకోండి. 260 బూత్‌లుండి 40 కావాలంటే 6 నుంచి 7 బూత్‌లకు ఒకటి చొప్పున, మొదటిది లాటరీ తీసి ఎంచుకోండి. ఎంచుకున్న బూత్ ఓటర్ల జాబితాలో 1,000 పేర్లున్నాయనుకుందాం. 10 జవాబులు కావాలంటే 15 నుంచి 18 పేర్లు తీసుకోవాలి, అందరూ దొరకరు కదా. 1,000ని 16తో భాగిస్తే 62. లాటరీలో వచ్చిన నంబరు నుంచి ప్రతి 62వ పేరు. ఢిల్లీ పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ వాళ్ల లోక్‌నీతి సర్వేలు ఇలా ఓటర్ల జాబితా నుంచే పేర్లు తీసి చేస్తాయి. సర్వేయర్ చేతికి పేరు, వయసు, ఇంటి నంబరు రాసిన కాగితం ఇవ్వాలి. "వీధి చివర టీ కొట్టు దగ్గర ఎవరినైనా అడుగు" అనకూడదు. అలా చేస్తే పగలు రోడ్డు మీద ఉండే మగవాళ్లే శాంపిల్ నిండా ఉంటారు.

దొరకని పేరుకు బదులు పక్కింటాయనను అడిగే అలవాటు చాలా టీముల్లో ఉంది. అది ఆపాలి. సాయంత్రం ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి మళ్లీ వెళ్లాలి. మూడోసారికీ దొరక్కపోతే వదిలేసి, ఎందుకు దొరకలేదో కోడ్ రాయాలి: ఊరు మారారు, చనిపోయారు, తలుపు తీయలేదు, చెప్పనన్నారు. ఈ కోడ్‌లు లేని డేటాను నేనైతే చూడను.

భాష గురించి. పావగడ, బాగేపల్లి, ముళబాగిలు, శ్రీనివాసపుర వైపు చాలా ఇళ్లలో తెలుగే. జాబితా కన్నడలో, ప్రశ్నావళి కన్నడలో, మాట తెలుగులో. సర్వేయర్ అక్కడికక్కడే తనకు తోచినట్టు మార్చి అడుగుతాడు. "మీరు ఎవరికి ఓటు వేస్తారు" అన్న ప్రశ్న "ఇక్కడ ఎవరు గెలుస్తారు" అయిపోతుంది. రెంటికీ వచ్చే జవాబులు వేరు. రెండోదానికి జనం ఊళ్లో వినబడుతున్న మాట చెబుతారు. హోసూరు, తళి వైపు తమిళంతో కూడా ఇదే ఇబ్బంది. తెలుగు ప్రశ్నావళిని ముందే రాసి, ఐదారుగురితో చదివించి, అచ్చేసి ఇవ్వండి.

కోరమంగళ_కవిత:
ప్రసాద్ గారు చెప్పిన పద్ధతి పల్లెల్లో నడుస్తుంది. బెంగళూరు లోపల చాలాచోట్ల గేటు దగ్గరే ఆగిపోతుంది. మహదేవపుర, బొమ్మనహళ్లి లాంటి చోట్ల జాబితాలో పేరున్న అద్దె ఇంటివాళ్లు రెండేళ్ల కిందటే ఇల్లు మారి ఉంటారు. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ లోపలికి వదలదు. దాంతో సర్వేయర్లు బస్తీలూ పాత వీధుల్లోనే జవాబులు పూర్తి చేస్తారు, అపార్ట్‌మెంట్ ఓటు లెక్కలోకే రాదు. నా అభిప్రాయంలో నగరంలో సగం శాంపిల్ ఫోన్ ద్వారా చేయక తప్పదు.

ఓటింగ్ శాతం ఇంకో చిక్కు. 2023లో కర్ణాటకంతా 73 శాతం ఓటు వేస్తే బెంగళూరు నగరంలో 54 శాతం చుట్టూ ఉంది. అడిగినవాళ్లలో దాదాపు సగం మంది పోలింగ్ రోజు ఇంట్లోనే ఉంటారు కానీ సర్వేలో మాత్రం అందరూ "తప్పకుండా వేస్తాం" అంటారు. అందుకే నేరుగా అడగకుండా మూడు ప్రశ్నలు పెట్టాలి: పోయినసారి వేశారా, మీ పోలింగ్ స్టేషన్ ఏ బళ్లో ఉంది, జాబితాలో పేరు ఉందో లేదో ఈమధ్య చూసుకున్నారా. స్టేషన్ ఎక్కడో చెప్పలేనివాళ్ల బరువు (లెక్కలో వాళ్ల జవాబుకు ఇచ్చే విలువ) తగ్గించాలి.

అన్నీ సరిగ్గా చేసినా కొన్ని సీట్లు అందవు. 2023లో జయనగర రీకౌంటింగ్ తర్వాత 16 ఓట్ల తేడాతో తేలింది. గాంధీనగరలో 105. ఈ సీట్లు "ముందే చెప్పాం" అనేవాళ్లను నమ్మకండి.

సర్వే_సుబ్బారావు:
కవిత గారూ, ఫోన్ విషయంలో ఒప్పుకోను. ఫోన్ నంబర్ల జాబితా ఎక్కడినుంచి వస్తుంది? చాలాసార్లు పార్టీ సభ్యత్వ డ్రైవ్ నుంచో, ఏదో పథకం లబ్ధిదారుల జాబితా నుంచో. ఆ నంబర్లతో చేస్తే ఎవరి జాబితాయో వాళ్లే గెలుస్తారు. కంప్యూటర్ తయారుచేసిన యాదృచ్ఛిక నంబర్లతో చేస్తే నియోజకవర్గం తెలియదు, అడిగి తెలుసుకోవాలి, మూడొంతులు పనికిరావు. పైగా ఫోన్ ఎత్తి పదినిమిషాలు మాట్లాడే ఆడవాళ్లు తక్కువ.

కోరమంగళ_కవిత:
నంబర్ల జాబితా గురించి మీరన్నది నిజమే. పార్టీ జాబితాతో చేసే ఫోన్ సర్వేను నేనూ సమర్థించను. నేను చెప్పేది రోజువారీ ట్రాకింగ్ గురించి. ముందు ఇంటింటి సర్వే ఒకటి చేసి, అందులో ఫోన్ చేయడానికి ఒప్పుకున్నవాళ్ల నంబర్లు పెట్టుకుని, రోజుకు 300 కాల్స్ చొప్పున మూడు రోజుల సగటు చూడాలి. అది ఓటు శాతం చెప్పదు, గాలి ఎటు మళ్లుతోందో చెబుతుంది. అంతవరకే వాడుకోవాలి.

పావగడ_ప్రసాద్:
దొంగ ఫారాలు పట్టుకోవడం ఎలాగో కూడా వాసు గారికి తెలియాలి. చెట్టు కింద కూర్చుని నింపేసిన ఇంటర్వ్యూలు ప్రతి సర్వేలోనూ ఉంటాయి. 20 నిమిషాల ప్రశ్నావళి 6 నిమిషాల్లో అయిపోయిందా? పది ఇంటర్వ్యూల జీపీఎస్ ఒకే చుక్క మీద ఉందా? వయసులన్నీ 30, 35, 40 అని సున్నాలతో ఐదులతో ఆగుతున్నాయా? "తెలియదు" అన్న జవాబు ఒక్కటీ లేదా? రేటింగ్ ప్రశ్నలన్నిటికీ వరసగా 3 కొట్టారా? ఇందులో రెండు కనబడితే ఆ సర్వేయర్ పని మొత్తం పక్కన పెట్టి మళ్లీ చేయించాలి. 10 నుంచి 15 శాతం ఇళ్లకు వేరే మనిషి వెళ్లి నాలుగైదు ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఆ పని సర్వేయర్ స్నేహితుడికి అప్పగించకూడదు.

మూలం మాత్రం డబ్బులో ఉంది. ఫారానికి ఇంత అని ఇస్తే ఫారాలు పుడతాయి. రోజు కూలి ఇచ్చి, ఒక మనిషికి రోజుకు 12 నుంచి 15 ఇంటర్వ్యూలే లక్ష్యం పెడితే నిజం వస్తుంది. 400 శాంపిల్‌కు పదిమంది సర్వేయర్లు, ఇద్దరు సూపర్‌వైజర్లు, మూడు రోజులు.

ఓటు ప్రశ్నకు నోటితో జవాబు అడగకండి. పార్టీల గుర్తులున్న డమ్మీ బ్యాలెట్ కాగితం ఇచ్చి, పక్కకు తిరిగి గుర్తుపెట్టి, మడిచి డబ్బాలో వేయమనాలి. కాగితం వెనక ఫారం నంబరు మాత్రం ఉండాలి, లేకపోతే వయసు, కులంతో కలిపి చూడలేరు. ఇంట్లో అత్తగారో భర్తో పక్కనే నిలబడితే ఆడవాళ్ల అసలు మాట ఇలాగే బయటికి వస్తుంది. ఓటు ప్రశ్న మొదట్లోనే ఉండాలి. ధరలు, కరెంటు, అవినీతి గురించి పది ప్రశ్నలు అడిగాక ఓటు అడిగితే ప్రభుత్వం మీద కోపాన్ని మీరే పెంచినట్టవుతుంది. కులం, ఆదాయం చివర్లో.

మైలాపూర్_మాధవి:
చెన్నై నుంచి. ఇంతవరకు ఓటు శాతం గురించే మాట్లాడారు. క్లయింట్ అడిగేది సీట్లు. అక్కడే పేర్లు పోతాయి.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణే చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39.17 శాతం, 23 సీట్లు. 2024లో వైఎస్ఆర్‌సీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఓటు దాదాపు అంతే, సీట్లు సగం కూడా లేవు. ఎదుటివైపు మూడు పార్టీలు కలిసి నిలబడటమే కారణం. కర్ణాటకలో ఇంకా విచిత్రం. 2018లో బీజేపీకి 36 శాతం చిల్లర ఓటు, 104 సీట్లు. కాంగ్రెస్‌కు 38 శాతం, వాయిదాపడ్డ రెండు సీట్లు కలిపినా 80. ఓటు ఎక్కువ, సీట్లు తక్కువ. 2023లో బీజేపీ ఓటు 36 దగ్గరే నిలబడింది, సీట్లు మాత్రం 66కు పడిపోయాయి. జేడీఎస్ 18 నుంచి 13 శాతానికి పడి, ఆ ఓటులో పెద్దభాగం కాంగ్రెస్ వైపు వెళ్లింది. కాంగ్రెస్ 43 శాతం దగ్గరికి వచ్చి 135 గెలిచింది. "బీజేపీ ఓటు తగ్గలేదు" అన్నది నిజమే. దాన్ని బట్టి "సీట్లు తగ్గవు" అని రాసిన రిపోర్టు తప్పు.

అందుకే సర్వేలో స్వింగ్‌ను (గత ఎన్నిక నుంచి ఓటు మారిన శాతాన్ని) రాష్ట్రమంతా ఒకేలా వేయకూడదు. పాత మైసూరు, కళ్యాణ కర్ణాటక, కిత్తూరు కర్ణాటక, కోస్తా, మధ్య కర్ణాటక, బెంగళూరు, ఇలా ప్రాంతాల వారీగా స్వింగ్ తీసి గత ఫలితం మీద వేయాలి. తర్వాత ప్రతి సీటుకు "గెలుపు/ఓటమి" అని కాకుండా గెలిచే అవకాశం లెక్కకట్టాలి. ఇక్కడి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన రాజీవ కరందీకర్ గారి పద్ధతి ఇదే. సుబ్బారావు గారి 205 మందికి సమానమైన శాంపిల్‌లో ఒకరికి 40, మరొకరికి 36 వచ్చాయనుకోండి. ఆ 4 శాతం ఆధిక్యానికి స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ వల్ల మామూలుగా వచ్చే తేడా) 6 శాతం. గెలిచే అవకాశం దాదాపు 75 శాతం. అలాంటి సీట్లు నాలుగుంటే నాలుగూ రాయకూడదు, మూడు రాయాలి. ఈ ఒక్క దిద్దుబాటు చేయకపోవడం వల్లే గాలి ఉన్న ఎన్నికల్లో అంచనాలు ఒకవైపు పెరిగిపోతాయి.

తమిళనాడులో లెక్కంతా కూటమిదే. ఎన్నికల విశ్లేషకులు డేవిడ్ బట్లర్, అశోక్ లాహిరి, ప్రణయ్ రాయ్ వాడిన ప్రతిపక్ష ఐక్యత సూచీ ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతిపక్షాల్లో పెద్దదాని ఓటును మొత్తం ప్రతిపక్ష ఓటుతో భాగించి వందతో గుణించడం. 2024 లోక్‌సభలో డీఎంకే కూటమికి 47 శాతం, 39కి 39 సీట్లు. అన్నాడీఎంకే కూటమికి 23, బీజేపీ కూటమికి 18. సూచీ 23ను 53తో భాగిస్తే 43. ఇంత తక్కువైతే ముందున్నవాడు ఊడ్చేస్తాడు. 23, 18 కలిపితే 41 కదా అని వెంటనే కూడేయకండి. ఇద్దరూ కలిస్తే ఓటు బదిలీ ఎంత అన్నది విడిగా అడగాలి: "మీ పార్టీ అభ్యర్థి లేకుండా కూటమి అభ్యర్థి నిలబడితే ఎవరికి?" నూటికి నూరు బదిలీ ఎక్కడా జరగదు.

వైట్‌ఫీల్డ్_వాసు:
అద్భుతంగా చెబుతున్నారు. మాధవి గారూ, గత ఎన్నికల ఓటుతో వెయిటింగ్ (బరువులు సరిచేయడం) చేయమని కొందరంటారు, అది సరైనదేనా? ఇంకొకటి, సర్వే అయ్యాక వ్యూహం వైపు పని ఎలా ఉంటుంది?

మైలాపూర్_మాధవి:
జాగ్రత్తగా. "పోయినసారి ఎవరికి వేశారు" అంటే గెలిచినవాళ్ల పేరు ఎక్కువమంది చెబుతారు. దాన్ని అసలు ఫలితానికి సరిపెడితే గెలిచిన పార్టీ బరువు అనవసరంగా తగ్గిపోతుంది. ముందు ఆడ, మగ, వయసు, పట్టణం, పల్లె, సామాజిక వర్గం బట్టి రేకింగ్ (శాంపిల్‌లోని పాళ్లను జనంలోని పాళ్లకు సరిపెట్టడం) చేయండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో సర్వే ప్యాకేజీ ఉంది, అది చాలు. ఎవరి బరువైనా 3 దాటితే కోసేయండి. గత ఓటుతో సరిచేసిన లెక్క, సరిచేయని లెక్క రెండూ రిపోర్టులో పక్కపక్కన చూపండి.

బూత్_బాలాజీ:
వ్యూహం వైపు నేను చెబుతాను. బయట కనబడే నినాదాలు, పాటలు పనిలో చిన్న వంతు. మొదటి పెద్ద పని ఫారం 20. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో ప్రతి నియోజకవర్గానికి బూత్‌వారీ ఫలితం పీడీఎఫ్‌లో ఉంటుంది, చాలావరకు స్కాన్ చేసినవే. గత మూడు ఎన్నికలు ఎక్కించాలి. అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఉండాలి.

తప్పు జరిగేది బూత్ నంబర్లతోనే. 2018లో 112వ బూత్, 2023లో 112వ బూత్ ఒకటే అనుకుని కలిపేస్తారు. మధ్యలో కొత్త బూత్‌లు వస్తాయి, అనుబంధ బూత్‌లు 112-ఏ అని పుడతాయి, నంబర్లు జరిగిపోతాయి. నంబరుతో కాకుండా పోలింగ్ స్టేషన్ బడి పేరు, జాబితాలో రాసిన వీధుల పేర్లతో కలపాలి. మునుపు బూత్‌కు 1,500 ఓటర్ల వరకు ఉండేది, 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1,200కు తగ్గించింది. కాబట్టి బూత్‌లు ఇంకా విడిపోతాయి. తమిళనాడులో 2025 చివర్లో ప్రత్యేక సవరణ జరిగింది, పాత జాబితాలతో అక్కడ అడుగు వేయకండి. పోస్టల్ ఓట్లు బూత్‌వారీగా రావు, ఫారం మొత్తంతో సరిచూసేటప్పుడు విడిగా పెట్టాలి.

కలిపాక బూత్‌లను గుంపులు చేస్తాం. మూడు ఎన్నికల్లోనూ మన పార్టీకి 55 శాతం పైన ఓటు వస్తే అది మన బూత్, అక్కడ పని ఓటింగ్ శాతం పెంచడమే. 35 నుంచి 55 మధ్య ఊగేవి అసలు యుద్ధం జరిగే చోటు, అభ్యర్థి సమయంలో సగం అక్కడే. 25 లోపు ఉన్నచోట పోలింగ్ ఏజెంటు ఉంటే చాలు. ఈ హద్దులు రాసిపెట్టిన చట్టం కాదు, నియోజకవర్గాన్ని బట్టి జరుపుకోవాలి. 1,000 ఓట్ల బూత్‌లో ఇళ్లు 250 నుంచి 300. ఇద్దరు కార్యకర్తల జట్టు సాయంత్రం 40 ఇళ్లు తిరుగుతుంది. అంటే ఒక విడతకు వారం. అభ్యర్థి ప్రకటన ఆలస్యమై రెండు వారాలే మిగిలితే రెండు విడతలకే టైము, ఆ లెక్క ముందే నాయకుడికి చెప్పాలి.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇప్పుడు ఇంకో తలుపు తెరుచుకుంది. 2025లో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. పాత బీబీఎంపీకి చివరి ఎన్నిక 2015లో. వార్డు హద్దులు మొత్తం మారాయి కాబట్టి పాత వార్డు ఫలితం నేరుగా పనికిరాదు, అసెంబ్లీ ఫారం 20ని కొత్త వార్డులకు పంచాలి. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో బూత్ చుక్కలు పెట్టి వార్డు హద్దుతో కోయడం వచ్చినవాళ్లు ఇప్పుడు తక్కువ. అది నేర్చుకుని వెళ్తే పని దొరుకుతుంది.

సర్వే_సుబ్బారావు:
చట్టం వైపు కొన్ని. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ ప్రకారం మొదటి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసిన అరగంట వరకు ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. రెండేళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ. పోలింగ్ ముగిసే ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్ కూడా టీవీలో చూపకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా బయటపెట్టడమేనని జూనియర్లకు చెప్పాలి. టీవీ, సోషల్ మీడియా ప్రకటనలకు ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలను పరిశీలించే కమిటీ) ముందస్తు అనుమతి కావాలి. కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరి, 127ఏ. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి కర్ణాటక, తమిళనాడుల్లో 40 లక్షలు, నామినేషన్ నుంచి ఫలితం వరకు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. మీ బిల్లు అభ్యర్థి ఖాతాలో పడుతుందా పార్టీ ఖాతాలోనా అని ఒప్పందంలోనే రాయించుకోండి.

సర్వే పేరుతో చేయకూడని పని ఒకటి ఉంది. "మా పార్టీ వస్తే మీకు ఈ పథకం, ఇక్కడ పేరు రాయించుకోండి" అంటూ వివరాలు తీసుకోవడం. 2024 మేలో ఎన్నికల సంఘం దీన్ని లంచంతో సమానమంటూ ఆపమని పార్టీలకు రాసింది. 2022 నవంబరులో బెంగళూరులోనే బీఎల్ఓల్లా (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారుల్లా) గుర్తింపు కార్డులు వేసుకుని ఓటర్ల వివరాలు సేకరించారన్న ఆరోపణల మీద అరెస్టులు జరిగాయి. మీ సర్వేయర్ల కార్డు మీద సంస్థ పేరు మాత్రమే ఉండాలి, ప్రభుత్వ ముద్రను పోలినదేదీ ఉండకూడదు. ఫోన్ నంబరు, పేరు ఉన్న ఫైలు వేరు, జవాబుల ఫైలు వేరు.

డబ్బు: ఒప్పందం మీద 40 శాతం, ఫీల్డు మొదలయ్యేటప్పుడు 40, రిపోర్టు ఇచ్చేరోజు 20. ఫలితాల తర్వాత ఇస్తామన్నది ఓడితే రాదు. 18 శాతం జీఎస్టీ విడిగా రాయండి.

ఇక చివరి మాట. సర్వే టీమూ వ్యూహం టీమూ ఒకే మనిషికి జవాబు చెప్పకూడదు. వ్యూహం నడిపినవాళ్లే అది పనిచేసిందా అని కొలిస్తే అంకె పైకే వస్తుంది. టికెట్ సర్వేల్లో ఆశావహులు ఫీల్డు సూపర్‌వైజర్‌ను వెతుక్కుంటూ వస్తారు. అందుకే ఏ బూత్‌లకు వెళ్తున్నారన్నది ముందురోజు రాత్రి వరకు సూపర్‌వైజర్‌కు కూడా చెప్పకూడదు. 2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్‌లో చాలా సంస్థలు ఎన్డీఏకు 350 నుంచి 400 చెప్పాయి, వచ్చింది 293. అందరూ ఒకేవైపు పోయినప్పుడు శాంపిల్ తప్పు అన్న ఒక్క మాటతో సరిపెట్టలేం. పక్కవాళ్ల అంకెకు దగ్గరగా ఉంటే క్షేమం అన్న ఆలోచన కూడా చూడాలి. మీ అంకె మీ డేటా నుంచే రావాలి.

కోరమంగళ_కవిత:
చదువు గురించి వాసు గారు అడిగారు. బెంగళూరులో ఐఎస్ఐ (భారత గణాంక సంస్థ) కేంద్రం, నాగరభావిలో ఐసెక్ (సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ), చెన్నైలో సీఎంఐ (మాధవి గారు చెప్పిన మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉన్నాయి. పూర్తి డిగ్రీ అక్కర్లేదు. శాంప్లింగ్ మీద ఒక కోర్సు, ఆర్ లేదా పైథాన్, క్యూజీఐఎస్, ఓడీకే లేదా కోబో లాంటి సర్వే యాప్‌లో ఫారం తయారుచేయడం వస్తే చాలు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఒక నియోజకవర్గం ఫారం 20 శుభ్రం చేసి, బూత్‌లు కలిపి, ఆరు పేజీల రిపోర్టు పట్టుకెళ్లండి. నా లెక్కలో సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ.

వైట్‌ఫీల్డ్_వాసు:
కె.ఆర్.పుర ఫారం 20 మొదలుపెట్టాను. కొన్ని పీడీఎఫ్‌ల్లో కన్నడ కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం) చేయాలా?

బూత్_బాలాజీ:
అది నుడి ఫాంటు. అక్షరాలు యూనికోడ్‌లో లేవు. ఓసీఆర్ అక్కర్లేదు, నుడి నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లున్నాయి, అందులో వేయండి. ఒత్తులు కొన్ని తప్పుతాయి, బూత్ పేర్లలో ముందుగా 20 చేత్తో సరిచూడండి. స్కాన్ పేజీలకు మాత్రమే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ కన్నడ మోడల్ వాడండి. అంకెల కాలమ్‌లను పేర్ల నుంచి విడదీసి చదివించండి, 3ను 8గా చదువుతుంది. ప్రతి బూత్ వరసలో అభ్యర్థుల ఓట్లు, నోటా కూడి, పక్కన ఇచ్చిన మొత్తంతో పోల్చండి. కలవని వరసలు ముందు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాం.